తేదీ చుట్టూ ఎర్ర సున్నా

అబిడ్స్‌లో వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక కొట్లో సర్వీసు కౌంటరు దగ్గర కూర్చునే ఇజ్రాయేల్ ఎవరి మొహమూ చూడడు. బిల్లు అందుకుంటాడు, తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాడు, "వారంటీ అయిపోయిందమ్మా, మేమేం చెయ్యలేం" అని ఆ సున్నాకే చెబుతాడు. పద్నాలుగేళ్లుగా ఇదే వరస.

నిన్న నాంపల్లి నుంచి సుబ్బరత్నం అనే పెద్దావిడ వచ్చింది. ఆవిడ మెషీను వారంటీ ఉండగానే చెడిపోయింది. అప్పుడు ఫిర్యాదు చీటీ రాసిచ్చి, "మోటారు రావాలె, జర ఆగున్రి" అంటూ మూడుసార్లు తిప్పి పంపింది ఇజ్రాయేలే. ఈలోగా గడువు దాటింది. గడువులోపల ఫిర్యాదు చేసింది కనక కొట్టువాళ్లు బాగుచేసి తీరాలని, ఆ చీటీయే సాక్ష్యమని అతనికి తెలుసు. వెనక కొట్టు యజమాని సేటు వింటున్నాడని నోరు విప్పక, బిల్లు మీద సున్నా చుట్టాడు. ఆవిడ కళ్లజోడు తీసి కౌంటరు మీద పెట్టి, కళ్లు తుడుచుకుంది. "నాదే ఆలస్యం నాయనా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఈ చీటీ ఇంక నాకెందుకు" అని అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఇజ్రాయేల్ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు కనిపించింది కౌంటరు మీద ఆవిడ మర్చిపోయిన కళ్లజోడు. అది పట్టుకుని బస్టాపు దాకా పరిగెత్తాడు.

"ఏం నాయనా?" అంది ఆవిడ ఆశగా.

అక్కడ సేటు లేడు. అతని చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది.

"కళ్లజోడు మర్చిపోయిన్రమ్మా" అన్నాడు.

"నీలాంటివాళ్లు చల్లగా ఉండాలి నాయనా."

ఆవిడ దీవిస్తున్నంతసేపూ ఇజ్రాయేల్ ఆవిడ చెప్పులకేసే చూస్తూ నిలబడ్డాడు.