మూడు ఎవరనాలి?

మా తాండూరు బడి ఆయమ్మ నన్ను చక్రాల కుర్చీలోంచి బెంచీ మీదికి మార్చేటప్పుడు "ఒకటి, రెండు" అని ఆగేది. "మూడు" నేను అనాలి. అనేదాకా నన్ను ముట్టేది కాదు!

నడుం నొప్పి భరించలేక ఆమె పని మానేద్దామనుకుంటున్న రోజుల్లోనే, వికారాబాద్‌లో పిల్లల్ని ఎలా ఎత్తాలో ఆయాలకు మొదటిసారి శిక్షణ పెట్టారు. నన్నూ వెంటబెట్టుకెళ్లింది. నేర్పే సారు, వంచాల్సింది నడుం కాదు, మోకాళ్లని చెప్పి, చూపించడానికి నా చంకల కింద చేతులు పెట్టాడు.

"ఆగుండ్రి సారూ! బిడ్డనడిగిండ్రా?"

ఆయమ్మ అడ్డొచ్చింది. సారు చేతులు తీసేశాడు. "గిది మాకెవ్వరు చెప్పలేదమ్మా. నువ్వే చూపియ్యి," అన్నాడు.

ఆయమ్మ మోకాళ్లు వంచి, "ఒకటి, రెండు" అంది. "మూడు!" అని అరిచాను. తేలిగ్గా లేచాను. ఆయాలంతా ఒకటే చప్పట్లు! వచ్చే శిక్షణలో ఆమెనే నేర్పమన్నారు, అందుకు వేరే జీతం కూడా ఇస్తామన్నారు.

తిరుగు రైలు తాండూరులో ఆగింది. నన్ను సీటులోంచి కుర్చీలోకి మార్చడానికి ఆయమ్మ "ఒకటి" అంది. సంతోషం పట్టలేక వెంటనే "మూడు!" అనేశాను.

ఆమె కదల్లేదు. "రెండు నాది బిడ్డా," అంది నవ్వుతూ. "నా మోకాళ్లు గూడ తయారు గావాలె గద!"