గిన్నెలత్త బండికి మాటు

మా మేనత్తను బజారంతా గిన్నెలత్త అంటుంది. పాత పికప్ బండి వెనక గిన్నెలూ బకెట్లూ వేలాడేసుకుని వీధి వీధీ తిరుగుతుంది. కొత్తవి అమ్ముతుంది, కారేవాటికి రేకు ముక్క అతికించి మాటు వేస్తుంది. "నేను వేశాక కారితే వెనక్కి తెచ్చెయ్, కొత్తది ఇస్తా" అని దబాయించి మరీ చెబుతుంది. ఇంతవరకూ ఎవరూ తేలేదు. ఆ సంగతి కూడా తనే చెప్పుకుంటుంది. అణకువ మా ఇంటావంటా లేదు.

అలాంటి మనిషి బండికే కప్పులో చిల్లు పడింది. ఏళ్ల తరబడి డ్రైవరు క్యాబిన్ పైన పెద్ద పెద్ద గిన్నెలు కట్టి తిప్పితే, తాళ్ల ఒరిపిడికి రంగు లేచిపోయి, తుప్పు తినేసి, పక్క సీటుకి సరిగ్గా పైన కోడిగుడ్డంత బొక్క తేలింది. వాన పడితే అత్త సరుకులోంచి ఓ గిన్నె తీసి ఆ సీట్లో పెట్టుకుని బండి నడిపేది. అది చూసి ఒకావిడ, "నీ బండికే మాటు దిక్కు లేదు, మా బకెట్టుకేం వేస్తావమ్మా" అనేసింది. అత్త నవ్వి ఊరుకుంది గానీ, ఆ మాట తిరిగి తిరిగి మా నాన్న చెవిన పడింది.

నాన్నకు అది చాలు. మామయ్య పోయినప్పటినుంచీ చెల్లెలు ఒంటరిగా బండి తోలుకుంటూ తిరగడం ఆయనకు ఇష్టం లేదు. దారిలో ఏమవుతుందోనని భయం. భయాన్ని కోపంగా చూపించడం ఆయన పద్ధతి. పైగా బండి ఆయన పేరు మీదే ఉంది.

"ఇంకొక్క చుక్క లోపల పడిందా, బండి తుక్కు కొనేవాడికి ఇచ్చేస్తా. నువ్వొచ్చి మా ఇంట్లో హాయిగా కూర్చో," అన్నాడు.

"హాయిగా కూర్చోవడం నాకు చేతకాదన్నయ్యా. చిల్లే కదా, నా దగ్గరా దాని ఆటలు? ఆదివారం చూడు," అంది అత్త.

మా ఇంట్లో హాయిగా కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నాన్న చేస్తున్నది అదే. టీవీ ముందు కుర్చీలో కూర్చుని, వార్తలు చదివేవాళ్లను తిడుతూ, మధ్యాహ్నానికే అలసిపోతాడు. ఆ పక్కన ఇంకో కుర్చీ వేసి అందులో అత్తను ఊహించుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం మా వాకిట్లోనే పని మొదలైంది. అత్త స్టూలెక్కి, తుప్పు పట్టిన మేరకు కత్తిరించేసి, గట్టి రేకు తగిలేదాకా అంచులు గరుకు కాగితంతో రుద్దింది. తర్వాత క్యాబిన్‌లో దూరి, కప్పుకు లోపలివైపు కొత్త రేకు ముక్క ఆనించి, చుట్టూ లప్పం పూసి రివెట్లు కొట్టింది. గిన్నెకు ఎప్పుడూ అలాగే వేస్తుంది. లోపలి నీళ్ల బరువే మాటును గిన్నెకేసి నొక్కి పెడుతుందట.

లప్పం ఆరాక నాన్న వచ్చి ఆ సీట్లో తీర్పు చెప్పే పెద్దమనిషిలా కూర్చున్నాడు. నేను పైపుతో కప్పు మీద నీళ్లు కొట్టాను. కాసేపు ఏమీ కాలేదు. అత్త కొంగు దోపుకుని ఊరేగింపుకి సిద్ధమైంది. అంతలో ఓ చుక్క టప్పున నాన్న కళ్లద్దాల మీద పడింది. దాని వెనకే ఇంకోటి. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దిగి, లోపలికెళ్లి, తుక్కతనికి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడట.

అత్త స్టూలెక్కి చూసింది. బొక్క ఉన్నచోట చిన్న గుంట, గుంటలో నిలిచిన నీళ్లు. చూస్తూ చూస్తూ పకపకా నవ్వేసింది.

"ఏమే, ఇటు రా. వాన పైనుంచి కదా పడేది. నేనేమో లోపల్నుంచి వేశాను."

"గిన్నె అనుకున్నావా అత్తా?"

"నేను అనుకోలేదే. చేతులు అనుకున్నాయి. నన్నడక్కుండా చేసేశాయి."

"రేపు తుక్కతను వస్తున్నాడు."

"రానీ. టీ తాగి వెళ్తాడు."

ఆ ధీమా చూసి నాకు ఒళ్లు మండింది, ధైర్యమూ వచ్చింది. అత్త వేసిందంతా ఊడబెరికింది. ఈసారి ఇంకాస్త పెద్ద ముక్క తీసుకుని, మూలలు గుండ్రంగా కత్తిరించి, ఇసుక మూట మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టింది. ముక్క నడుమ కొద్దిగా ఉబ్బింది. నీళ్లు నిలవకుండా జారిపోవాలని. దాన్ని కప్పు పైనుంచి బోర్లించి, లప్పంలో కూర్చోబెట్టి, రివెట్లు దగ్గర దగ్గరగా బిగించింది. తెల్ల రంగు దొరకలేదు. మా స్నానాల గది తలుపుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పూసింది.

మర్నాడు తుక్కతను వచ్చి ఇంజన్ చప్పుడు వినాలన్నాడు. అత్త స్టీరింగు ముందు కూర్చుంది, నేను మధ్యలో ఇరుక్కున్నాను. బండి స్టార్టయిందో లేదో, పొద్దుట్నుంచీ మూసుకొచ్చిన వాన ఒక్కసారిగా దిగింది. తుక్కతను మా వరండాలోకి పరిగెత్తాడు. నాన్నకు దగ్గర్లో ఉన్నది బండి తలుపే. ఎక్కి కూర్చున్నాక గానీ ఏ సీట్లో కూర్చున్నాడో గుర్తు రాలేదు.

ముందు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అరచెయ్యి చాచి కప్పు కింద పట్టాడు. రేకు మీద వాన దడదడలాడుతోంది. ముగ్గురం ఆ చేతినే చూస్తున్నాం. అత్త ఊపిరి బిగబట్టడం నేను అదే మొదటిసారి చూడటం. ఎంతసేపు పట్టినా చెయ్యి పొడిగానే ఉంది. నాన్న చెయ్యి మడిచి, అద్దం కాస్త దించి వరండావైపు కేకేశాడు.

"టీ తాగి వెళ్లు బాబూ. బండి ఇవ్వట్లేదు."

అత్త ఏమైనా ఎకసెక్కెం ఆడుతుందనుకున్నాను. ఆడలేదు.

"వాన తగ్గగానే వెళ్తున్నా అన్నయ్యా. గిన్నె పెట్టుకునే సీటు ఇప్పుడు ఖాళీయే. వస్తావా?"

నాన్న జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"వీధుల్లో అరవడం నాకు రాదు," అన్నాడు.

"కోప్పడ్డం వచ్చుగా. అదే గొంతు సరిపోతుంది."

మధ్యాహ్నం నేను టీవీ కట్టేసి గుమ్మంలో నిలబడ్డాను. వీధి చివర్నుంచి "గిన్నెలకు మాట్లు వేస్తాం" అని నాన్న గొంతు వినబడింది. అచ్చం ఎవరినో తిడుతున్నట్టే ఉంది. ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని బయటికొస్తున్నారు.