నరసమ్మ కొంగుముడి

సముద్రం దాటి వచ్చిన నా గిర్మిట్‌లో, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందంలో, అది మూడో ఏడు. బులిలేకా దగ్గర చెరుకుతోటల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసేవాణ్ణి. అంటే డాక్టరు చెప్పిన మందు తూచి పొట్లాలు కట్టడం నా పని. డాక్టరు దొర వారానికోసారి గుర్రమెక్కి వచ్చేవాడు. మిగతా రోజుల్లో అందరి ప్రాణాలూ నా తక్కెడ మీదే.

ఆ వానల్లో నరసమ్మను రక్తవిరేచనాలతో తెచ్చారు. నల్లమందు కలిసిన పొడి, రోజుకు మూడు డోసులు. పొద్దున్నే మూడు పొట్లాలూ ఆమె చేతికిచ్చి మరో మంచం దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. సాయంత్రానికి ఖాళీ కాగితాలు మడతపెట్టి తిరిగిచ్చేది. "కాగితం కూడా పారెయ్యదు, పొదుపంటే ఈవిణ్ణి చూసి నేర్చుకోండి" అని వార్డంతా వినేలా మెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రోగం మాత్రం తగ్గలేదు. రోజురోజుకీ కళ్లు లోతుకు పోతున్నాయి. తక్కెడ తప్పు చూపుతోందా అని భయపడి ప్రతి పొట్లం రెండుసార్లు తూచాను. మింగకుండా దాస్తోందేమోనని తలగడ కింద కూడా వెతికాను. ఏమీ దొరకలేదు.

దొర వచ్చి నాడి చూసి, "డోసు రెట్టింపు చెయ్యి" అని వెళ్లిపోయాడు. అంత నల్లమందు పడితే ఆ బక్కప్రాణం మళ్లీ కళ్లు తెరుస్తుందా? ఇవ్వకపోతే మాత్రం దక్కుతుందా? నేనే పొట్లం విప్పి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు బాబూ, ముందు కూసింత తీసెట్టనీ."

"మందులోంచి తియ్యడమేంటమ్మా?"

"బియ్యం ఎసట్లో ఎయ్యకముందు పిడికెడు తీసెట్టమా? ఇదీ అంతే."

కొంగుముడి విప్పి చూపించింది. ఇన్నాళ్ల పొడి, దాదాపు సగానికి సగం.

"మా ఇంటాయనకి బాబూ. ఆయనకీ ఇదే రోగం. ఏసాలేత్తన్నాడని మా కూలోళ్ల మేస్త్రీ, ఆ సర్దారు, అస్పతాలుకి రానీడు. మా కూలోళ్లుండే లైన్లకి ఎవురైనా ఎలితే పంపుదామని దాసేను."

"నువ్వు చచ్చిపోతే?" అని అరిచాను. అరిచాక నాకే ఏడుపొచ్చింది.

రెట్టింపు డోసు పక్కన పెట్టేసి పాత డోసే వేశాను. మింగేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత సర్దారును అడక్కుండానే ఆమె భర్త కోసం లైన్లకు డోలీ పంపాను. ఎవరేమంటారోనని వారమంతా హడలిపోయాను. నరసమ్మ మూడో రోజున లేచి కూర్చుంది. ఆమె భర్త కోలుకోవడానికి నెల పట్టింది.

పొదుపంటే వాడుకోగా మిగిలింది దాచుకోవడం అనుకునేవాణ్ణి. అందుకే ఖాళీ కాగితాలు చూసి నమ్మాను. ఆమెకు పొదుపంటే వాడుకోకముందే తీసిపెట్టడం. అప్పట్నుంచి నేను పొట్లం ఎవరి చేతికీ ఇవ్వలేదు. నా చేత్తోనే నోట్లో వేస్తాను. వేసేముందు ఒక్క మాట అడుగుతాను:

"ఇంట్లో ఇంకెవరికి బాగాలేదమ్మా?"