సైరన్ వేళ స్పానిష్ పరీక్ష

గోదావరిఖనిలో మా క్వార్టరు చివరి వరసలో ఉంది. వెనక గోడ దాటితే తుమ్మచెట్లు, వాటి వెనక మట్టిగుట్ట, గుట్టకు అవతల నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని. మధ్యాహ్నం పూట అక్కడ బొగ్గు మీది రాయిని పేలుస్తారు. దానికి ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే మా వరసలో వాళ్లమంతా ఇళ్లలోంచి బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడతాం. పెంకుటిళ్లు ఉన్న రోజుల్లో మొదలైన అలవాటట. పెంకులు పోయి స్లాబులు వచ్చాయి, అలవాటు మాత్రం పోలేదు. పొయ్యి మీద పాలుంటే మంట తగ్గించి వస్తాం. తల మీద నీళ్లు పోసుకుంటుంటే తడి జుట్టుకు తువ్వాల చుట్టుకుని వస్తాం. నేల ఒక్కసారి కదులుతుంది, కిటికీ అద్దాలు గలగలమంటాయి, మళ్లీ ఎవరిళ్లలోకి వాళ్లం వెళ్లిపోతాం. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని. అందులో ఆలోచనంటూ ఏమీ ఉండదు.

నేను స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టి పరీక్ష నాటికి రెండేళ్లు. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్పానిష్ వస్తే హైదరాబాదు సంస్థ ఒకటి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తుందని తెలిసి ఫోన్లో పాఠాలు వింటూ, ఒక లాంగ్‌బుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నాను.

ఆ భాషలో క్రియ చివర మూడు రకాలుగా ఉంటుంది. ఆ చివరి ముక్క తీసేసి, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నదాన్ని బట్టి వేరే ముక్క తగిలించాలి. తెలుగులో చేస్తాను, చేస్తావు, చేస్తాడు అన్నట్టే. ఒక్కో కాలానికి ఆరు రూపాలు. దారి తప్పని క్రియ, అంటే ఎప్పుడూ ఒకే పద్ధతిలో మారేది, ఒకటి బాగా పట్టుబడితే అలాంటివి కొన్ని వందలు వచ్చినట్టే. నేను పట్టుకున్నది త్రబహార్, అంటే పనిచేయడం. నేను పనిచేస్తాను, త్రబాహో. నువ్వు, త్రబాహాస్. అతను, త్రబాహా. మేము, త్రబహామోస్. మీరు, త్రబహాయిస్. వాళ్లు, త్రబాహాన్.

నన్ను పరీక్షించింది బాపు, అంటే మా నాన్న. ఆయన భూగర్భ గనిలో పైకప్పుకు ఆసరాలు నిలబెట్టే పనిచేసేవాడు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, నాలుగింటికి చాయ్ గ్లాసుతో కూర్చునేవాడు. నా పుస్తకం ఆయన ఒళ్లో ఉండేది. నేను చూడకుండా చెప్తుంటే, తెలుగు అక్షరాల్లో రాసిన ఆ మాటల మీద వేలు జరుపుతూ పోయేవాడు. గనిలోకి ఎంతమంది దిగితే అంతమంది పైకి రావాలన్నది ఆయనకు తెలిసిన లెక్క. నేను ఒక రూపం మర్చిపోతే అదే పట్టుకునేవాడు.

"అయిదుగురే ఎక్కిండ్రు. ఆరోటోడేడి?"

"గుర్తొస్తలేదు బాపూ."

"గుర్తొస్తలేదంటె నడుస్తదా? ఆని పెండ్లాం గేటుకాడ నిలవడి అడిగితె ఏమని చెప్త? పో, మల్ల దిగు."

మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. జరుగుతున్నది, జరిగిపోయినది, రోజూ జరుగుతూ ఉండేది, జరగబోయేది, షరతు మీద జరిగేది, ఇవన్నీ ఆ చాయ్ వేళల్లోనే పట్టుబడ్డాయి. మిగిలింది ఇంకొక వరస. అలా జరగాలని కోరుకున్నప్పుడో, జరుగుతుందో లేదోనని సందేహపడ్డప్పుడో వాడే రూపాలు. త్రబాహే, త్రబాహేస్. అవి సగంలో ఉండగా, పోయిన ఎండాకాలంలో, గుండెపోటుతో బాపు పోయాడు. ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్లు పెద్ద పెద్ద మాటలు అన్నారు. వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మాటల్లో మా బాపు కనబడలేదు. చాయ్ గ్లాసు అడుగున చక్కెర మిగిలితే వేలుపెట్టి తీసుకునే మనిషి ఆయన. నా లాంగ్‌బుక్కులో అభ్యాసానికి రాసుకున్న వాక్యాలన్నీ ఆయన గురించే. మా బాపు గనిలో పనిచేస్తాడు, మా బాపు రేపు పనిచేయడు. వాటన్నిటినీ మార్చి రాయాల్సి వచ్చింది. నేను కాలం మార్చలేదు, మనిషిని మార్చాను. బాపు ఉన్న చోటల్లా పక్కింటి కాక అని రాసుకున్నాను. పక్కింటి కాక ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. అలా రాసుకోవడం ధైర్యమూ కాదు, మరొకటీ కాదు. పని నడవాలి, అంతే.

ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి ఇంట్లో ఒకరికి బొగ్గు గనుల కంపెనీలో నౌకరి వస్తుంది. ఉన్నది అమ్మ, నేను, మా చెల్లె. చెల్లె మందమర్రిలో అత్తగారింట్లో ఉంటుంది, మరిది ఆటో నడుపుతాడు, ఇద్దరు చిన్న పిల్లలు. నౌకరి నాకు వద్దు, చెల్లెకు కావాలి. కానీ అభ్యంతరం లేదని అమ్మ సంతకం పెట్టాలి. అమ్మ పెట్టనంది.

"దానికి మొగడున్నడు. నీకెవలున్నరు?"

పెళ్లయిన రెండేళ్లకే నేను విడిపోయాను. అమ్మ అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు.

"నేను స్పానిష్ పరీక్ష పాసయితె నాకూ నౌకరి ఉంటది కదనే."

"అయితె పాసు కా. పాసయినంక సంతకం అడుగు. గా దేశపోళ్ల ముచ్చట నమ్మి కంపెనీ నౌకరి ఇడిశిపెడ్తనా నేను?"

ఫారం ఇవ్వడానికి గడువు ఉంది. ఆ లోపల నేను పాసు కాకపోతే దాని మీద నా పేరే వెళ్తుంది. అదీ సంగతి.

ఆ హైదరాబాదు సంస్థ పెట్టే పరీక్ష కంప్యూటరులో, నోటితో చెప్పేది. గది తలుపు మూసి ఉండాలి. రెండో మనిషి గొంతు వినబడకూడదు. అయ్యేవరకూ నా ముఖం కెమెరా ముందు నుంచి కదలకూడదు. పొద్దుటి వేళ ఇవ్వమని అడిగాను, లేదన్నారు. మధ్యాహ్నం రెండింటికి ఇచ్చారు.

మొదటిసారి ఇరవై నిమిషాలు బాగా నడిచింది. జరిగిపోయిన కాలం రూపాలు చెప్తున్నాను. త్రబహే, త్రబహాస్తే, త్రబహో. సైరన్ మోగింది. ఆ తరవాత నాకు తెలిసింది, నేను రోడ్డు మీద పక్కింటి కాక భార్య కాకమ్మ పక్కన నిలబడి ఉన్నానని. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి.

"ఏందే బిడ్డా, పరీక్ష గింత జల్ది ఒడిసిందా?" అంది కాకమ్మ.

అప్పుడు గుర్తొచ్చింది. లోపలికి పరుగెత్తాను. తెర మీద పరీక్ష రద్దయిందని రాసి ఉంది.

కాక నవ్వాడు. "ఆళ్ల దేశంల సైరన్ మోగితె కూసుంటరేమో. మనం లేస్తం. గంతే తేడా."

నేను నవ్వలేదు. అమ్మ కూడా నవ్వలేదు. సంతోషపడలేదు కూడా. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఇంకోపారి రాయనిస్తరా?" అని అడిగింది.

రాయనిచ్చారు, ఒక్కసారి మాత్రం. అదే గదిలో కూర్చోవాలి, ఎందుకంటే ఒకసారి చూపించి నమోదు చేసిన గదిని మార్చడానికి లేదు. మూడు వారాల తరవాత, మధ్యాహ్నం మూడింటికి. ఫారం గడువుకు వారం ముందు.

ఆ మూడు వారాలూ కోరికకూ సందేహానికీ వాడే ఆ మిగిలిన వరస ఒక్కదాన్నే చదివాను. పట్టుబడింది. నన్ను భయపెట్టింది అది కాదు, నా కాళ్లు. రోజూ సైరన్ మోగినప్పుడు కుర్చీలోంచి లేవకుండా ఉండటం అభ్యాసం చేశాను. మొదటి రోజు గుమ్మం దాకా వెళ్లి ఆగాను. నాలుగో రోజు లేచి నిలబడి ఆగాను. పదో రోజు కూర్చునే ఉన్నాను కానీ, నోట్లో మాట ఆగిపోయింది. కాకను అడిగితే పరీక్ష రోజు రెండున్నరకే పేలుస్తారని కనుక్కుని చెప్పాడు. "మూడింటికల్ల అంత సాఫ్. ఫికర్ చెయ్యకు."

ఆ రోజు రెండింటికి మబ్బు పట్టింది. రెండు ఇరవైకి ఉరిమింది. మెరుపులుంటే పేల్చరు, ఆగుతారు. రెండున్నర అయింది, సైరన్ లేదు. రెండూ నలభై అయింది. వాన ఏమీ పడలేదు, ఉరుములు మాత్రం దూరంగా వెళ్లాయి. ఇక ఎప్పుడైనా మోగవచ్చు.

అమ్మ గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది.

"బయటినుంచి గొళ్లెం పెట్టనా?" అంది.

"ఏందీ?"

"గొళ్లెం పెడితె నీ కాళ్లు యాడికి పోతయి? లేశినా తలుపుకాడ యాదికొస్తది, మల్ల కూసుంటవు."

గుమ్మం దాకా వెళ్తే పరీక్ష ఎలాగూ పోతుంది. కానీ తలుపు తెరుచుకోదని తెలిస్తే అసలు లేవనేమో అనిపించింది. పెట్టమన్నాను. గొళ్లెం పడిన చప్పుడు విన్నాక గానీ నేనేం ఒప్పుకున్నానో నాకు అర్థం కాలేదు. మా వరసలో సైరన్ వేళ ఎవరూ ఎవరినీ లోపల ఉంచరు. కదల్లేని ముసలివాళ్లను కూడా మంచంతో సహా బయటికి తెస్తారు.

పరీక్ష చేసే ఆవిడ నడివయసు మనిషి, కళ్లజోడు, ముఖంలో ఏ భావమూ లేదు. త్రబహార్ కాదు, వేరే క్రియ ఇచ్చింది. దారి తప్పనిదే, చివర త్రబహార్‌కు ఉన్న ముక్కే. ఒకటొకటిగా కాలాలు అడిగింది. జవాబులు వచ్చాయి. తరవాత మీకు తెలిసిన ఒకరి పని గురించి చెప్పండి అంది. పక్కింటి కాక గురించి మొదలుపెట్టాను. ఆయన డంపర్ నడుపుతాడు, నిన్న రెండు షిఫ్టులు చేశాడు, రేపు సెలవు తీసుకుంటే బాగుండునని వాళ్లావిడ కోరిక. ఆ కోరిక దగ్గర ఉండగా సైరన్ మోగింది.

కాళ్లు లేవబోయాయి. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. బయట తలుపులు తెరుచుకుంటున్నాయి, చెప్పుల చప్పుడు, ఎవరో పిల్లను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆవిడ ఆగి, ఆ శబ్దం ఏమిటి, మీరు ప్రమాదంలో ఉన్నారా అని స్పానిష్‌లో అడిగింది. ఉన్నానంటే పరీక్ష ఆపేస్తారు. నేను గొళ్లెం వైపు చూడలేదు. లేదండీ, ఇక్కడ పని జరుగుతోంది అన్నాను. రోజూ జరుగుతుంది, ఒక్క నిమిషంలో నేల కదులుతుంది, దయచేసి ఆపకండి అన్నాను. ఇవేవీ నేను రాసుకుని నేర్చుకున్న వాక్యాలు కావు.

నేల కదిలింది. తెర మీద నా ముఖం అదిరింది. స్లాబు మీంచి సన్నటి దుమ్ము లాంగ్‌బుక్కు మీద రాలింది. ఆవిడ కాసేపు నన్ను చూసి, "కొనసాగించండి" అంది. కాక గురించి మిగిలింది చెప్పాను. ఒకచోట తప్పాను, సరిచేసుకున్నాను.

అయిపోయాక గొళ్లెం తియ్యమని అరిచాను. తలుపు వెంటనే తెరుచుకుంది. అమ్మ ఎదురుగా ఉంది. నన్ను ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తరవాత కాకమ్మ చెప్పింది. అందరూ రోడ్డు మీదికి వచ్చినా అమ్మ రాలేదట. ఎంత పిలిచినా గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడిందట.

"తీస్తదా తియ్యదా అని మేమంత వాకిట్లకెల్లి చూస్తున్నం. గొళ్లెం ఇడువలే, తియ్యలే."



నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. పాసుకు కావలసిన మార్కుల కంటే కొంచెమే ఎక్కువ. ఫోన్లో చూసి అమ్మకు చదివి వినిపించాను.

"ఇంట్లనే కూసోని చేస్తవా?"

"ఆఁ."

"ఎవలతోని మాట్లాడుతవు?"

"ఫోన్ చేసినోళ్లతోని."

"మంచిగ మాట్లాడు. కోపానికి రాకు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "చెల్లెకు చెప్పు, రేపు ఫోటోలు పట్టుకొని రమ్మను. నేను సంతకం పెడ్త."

చెల్లెకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. వెనక పిల్లల గొడవ వినిపిస్తోంది.

"అక్కా, నిజం చెప్పు. నాకోసం ఇడిశిపెట్టినవా?"

"నీకోసం సగం. మిగిలిన సగం, బాపు ఉన్న జాగల నిలవడుడు నాతోని కాదు."

"నాతోని అయితదా మరి?"

"తెల్వదు. నీకు ఇద్దరు పిల్లలున్నరు."

పిల్లలను అవతలికి పొమ్మంది. తరవాత గొంతు తగ్గించి, పక్కన ఎవరో వింటున్నట్టుగా అడిగింది.

"గని బూట్లు ఆడోళ్ల సైజుల ఇస్తరానే? నా కాళ్లు మరీ చిన్నయి."

నాకు తెలియదన్నాను. కనుక్కుని చెప్తానన్నాను.