తెల్ల జిల్లేడు మీద మోనార్క్‌లు

2020 ఏప్రిల్. జర్మనీలో, ఎర్లాంగెన్‌కు అరగంట దూరంలోని ఒక సీతాకోకచిలుకల గృహంలో నేను పెంపకం విభాగం చూసేవాణ్ణి. పెద్ద గాజు షెడ్డు, లోపల వేడి, తేమ, అరటిచెట్లు. సందర్శకులు లేరు. పురుగులకు లాక్‌డౌన్ తెలియదు కాబట్టి మేము మాత్రం రోజూ వెళ్ళాల్సిందే.

మామూలు రోజుల్లో కోస్టారికా నుంచి విమానంలో మాకు ప్యూపాలు వచ్చేవి. గొంగళిపురుగు తిండి మానేసి, ఆకుపచ్చ తొడుగులో వేలాడుతూ రెక్కలు తయారుచేసుకునే దశను ప్యూపా అంటారు. విమానాలు ఆగాయి, పెట్టెలూ ఆగాయి. మోనార్క్ అనే సీతాకోకచిలుక జాతిలో మాకు మిగిలింది సొంతంగా పెంచుతున్న ఒక్క తరమే. అది పోతే మళ్ళీ ఎప్పటికి తెప్పించగలమో చెప్పేవాళ్ళు లేరు.

మోనార్క్ పురుగు తిండి దగ్గర మహా మొండిది. జిల్లేడు కుటుంబపు ఆకు తప్ప ఇంకేదీ ముట్టదు. మా దగ్గరి ఆస్క్లెపియాస్ మొక్కలు, అంటే జిల్లేడుకు అమెరికా చుట్టాలు, అయిపోవస్తుంటే ఒక నర్సరీ నుంచి పది కుండీలు తెప్పించాను. తేనెటీగలకు హాని లేదని లేబుల్ మీద ఉంది, నమ్మాను. కొత్త మొక్క మీద ముందు రెండు పురుగులను వదిలి ఒకరోజు చూడాలి. మా పనిలో అది మొదటి పాఠం. తొందరలో అది మానేసి అన్ని పురుగులనూ ఒకేసారి వదిలాను. మర్నాటికి సగానికి పైగా పచ్చనీళ్ళు కక్కి చచ్చిపోయాయి. మొక్క లోపల పురుగుమందు ఉంది, తప్పు నాదే. మిగిలినవి ముప్ఫై నాలుగు. వాటికి రెండు రోజుల ఆకు కూడా లేదు.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను, ఎవరి దగ్గరైనా జిల్లేడు ఉందా అని. "ఏం భయ్యా, ఇమ్యూనిటీ కషాయమా?" అని ఒకతను ఆటపట్టించాడు. అరగంటకు ఫోన్ వచ్చింది. సుభద్ర గారని కాకినాడ ఆవిడ. ఎర్లాంగెన్‌లో ఇంజనీరు, ఒంటరిగా ఉంటారు. మూడేళ్ళుగా కిటికీ పక్కన తెల్ల జిల్లేడు పెంచుతున్నారట.

"ఎన్ని ఆకులు కావాలండి?"

"ఎన్నుంటే అన్ని గావాలె మేడమ్."

"కోసివ్వనండి. ఆదివారం పూట దణ్ణం పెట్టుకునే మొక్క. పురుగుల్నే తీసుకొచ్చేయండి. అవి తింటే నాకు బాధ లేదు. మొక్క బతుకుద్దంటారా?"

"జిల్లేడు మేడమ్ అది. మోడు జేసినా మల్ల చిగురు వెడతది. నేను జెప్తున్న గదా."

ఊళ్ళో రోడ్డు పక్క జిల్లేళ్ళను చూసిన ధీమా అది. కుండీలో, కిటికీ వెలుతురులో అది ఏం చేస్తుందో నాకు తెలియదు. తెలియదంటే వద్దంటారేమోనని భయం కూడా ఉంది.

ఈసారి ముందు రెండే పురుగులు. డబ్బా గుమ్మం బయట పెట్టి దూరం జరిగాను, ఆవిడ మాస్కు పెట్టుకుని వచ్చి తీసుకున్నారు. మర్నాడు వీడియోలో చూపించారు, ఆకు అంచు అర్ధచంద్రాకారంలో తినేసి ఉంది, రెండూ బతికే ఉన్నాయి. ఆ సాయంత్రమే మిగతావీ ఇచ్చాను.

తర్వాత రోజూ ఫోన్. "టీవీ ఆపేస్తే నమిలే చప్పుడు వినిపిస్తుందండి" అనేవారు. ఒకరోజు, "ఇవి మెక్సికో దాకా ఎగిరిపోతాయటగా?" అని అడిగారు.

"ఉత్తర అమెరికాల ఉన్నయి పోతయ్ మేడమ్. ఎండకాలం ఆఖర్ల పుట్టినయి ఎనిమిది నెలల దాంక బతికి, వేల కిలోమీటర్లు పోతయ్. ఉత్తరం దాంక తిరిగి చేరేటియి అవి గావు, వాటి పిల్లలు, మనవలు. మనయి కోస్టారికావి, ఎటూ పోవు."

"అయితే వీటికీ ఫ్లైట్లు లేవన్నమాట" అని నవ్వారు.

ముప్ఫై నాలుగింటిలో ఇరవై తొమ్మిది ప్యూపాలయ్యాయి. కొన్ని కాడకు, కొన్ని కర్టెన్‌కు, ఒకటి దీపం షేడుకు వేలాడాయి. దారం కట్టి జాగ్రత్తగా మా షెడ్డుకు తెచ్చుకున్నాను. పది రోజులకు నారింజరంగు రెక్కలు విప్పి, ఆ తర్వాత కొన్నాళ్ళకు, మళ్ళీ ఆకులేసి తేరుకున్న మా పాత ఆస్క్లెపియాస్ మీద గుడ్లు పెట్టాయి. తరం నిలబడింది. ఆ ఆనందంలో వారం పాటు జిల్లేడు సంగతే మరిచిపోయాను.

ఆవిడ మరవలేదు. పురుగులు ఒక్క ఆకూ మిగల్చకుండా తినేసిన ఆ మోడు ఫోటో ప్రతి ఆదివారం పంపేవారు. మొదట్లో కింద "చిగురు ఇంకా రాలేదండి" అని ఉండేది. జూలైకి ఫోటో ఒక్కటే. ఆగస్టులో కాండం కుళ్ళి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయిందని చెప్పారు. నేను విత్తనం నుంచి పెంచిన ఆస్క్లెపియాస్ కుండీ ఒకటి పట్టుకుని వెళ్ళాను.

"ఇది జిల్లేడు కాదు కదండీ" అన్నారు.

"గాదు మేడమ్."

"మరి చిగురు పెడుతుందని ఎలా చెప్పారండి?"

గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగారు. నాకు చాలా సిగ్గేసింది.

"తెల్వకనే జెప్పిన మేడమ్."

ఆవిడ తలూపి, కుండీ అందుకుని లోపలికి వెళ్ళారు.

కొత్తగా పనికి వచ్చేవాళ్ళకు ఆకు పరీక్ష నేనే నేర్పిస్తాను. గుడ్డు ఎన్నాళ్ళకు పగులుతుంది, పురుగు ఎన్నిసార్లు చర్మం వదులుతుంది అంటే తడుముకోకుండా చెబుతాను. ఏదైనా బతుకుతుందా అని అడిగితే మాత్రం తెలియదంటాను. సుభద్ర గారికి ఏప్రిల్‌లో చెప్పాల్సిన మాట అదే.