నల్లోడి నోట నురగ

నా చిన్నప్పుడు తొలకరి పడిందంటే మా పెరటినిండా గోదురుకప్పలే. చోడవరానికి నడిచి వెళ్ళేంత దూరంలో చెరకు తోటలను ఆనుకుని ఉండేది మా ఇల్లు. ఒళ్ళంతా బొడిపెలతో మట్టిముద్దల్లా ఉండే ఆ కప్పలు తోటల్లోంచి వచ్చి, కుడితి గోలెం పక్కన తడిలో కూర్చునేవి. మామూలు కప్పల్లా దూరం ఎగరలేవు. నాలుగు పొట్టి గెంతులు వేసి ఆగిపోయేవి. ముట్టుకుంటే చేతులు పుండ్లవుతాయని పిల్లలమైన మాకు భయం.

ఆ ఏడు మా మేనత్త పురిటికి పుట్టింటికి వచ్చింది. కె.కోటపాడు వైపు ఆమె అత్తవారిల్లు. నెలలు నిండుతున్న మనిషి కదా, నెమ్మదిగా నడిచేది. మాట కూడా అంత నెమ్మదే.

మా ఇంట్లో నల్లోడని ఒక కుక్క ఉండేది. అప్పుడప్పుడే పెద్దదవుతోంది, కనబడిందల్లా నోట పెట్టుకునేది. వాన వెలిసిన ఒక పొద్దున నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే, అది గోలెం పక్కనున్న కప్పని నోట కరిచింది. మరుక్షణమే ఉమ్మేసి తల విదిలించుకుంది. ముందుకాళ్ళతో మూతి రుద్దుకుంది. కాసేపటికి నోటివెంట తెల్లటి నురగ కారసాగింది. తూలుతూ పెరడంతా తిరగడం మొదలుపెట్టింది.

మా అమ్మ చూసి, "కుక్కకి పిచ్చెక్కిపోయింది!" అని కేక పెట్టింది. ఆ వేసవిలోనే పక్క ఊళ్ళో పిచ్చికుక్క కరిచి ఒక పిల్లాడు దక్కలేదు. అందుకని ఎవరూ ఆలోచించలేదు. మా చిన్నాన్న దుడ్డుకర్ర అందుకున్నాడు. పక్కిళ్ళవాళ్ళు కర్రలతో పరిగెత్తుకొచ్చారు. నన్ను ఎత్తి అరుగుమీద పడేశారు. "కప్ప, కప్ప" అని నేను ఏడుస్తూ అరుస్తున్నా, ఆ గోలలో ఎవరికీ వినబడలేదు.

అప్పుడు మా మేనత్త బయటకు వచ్చింది. అందరూ కుక్కనే చూస్తుంటే ఆవిడ నన్ను చూసింది. అంత బరువుతోనూ నా పక్కన కూలబడి, నా గడ్డం పట్టుకుంది.

"ఒసే గుంటా, ఏడవకు. నువ్వేటి సూసేవో సెప్పు."

"కప్పని కరిసిందత్తా. గోదురుకప్పని."

అత్త లేచి అరుగు అంచున నిలబడింది. "ఒరే తమ్ముడా, కర్ర దించు. అది పిచ్చి కాదురా, కప్ప ఇసం."

"మీద పడితే ఏటి సెయ్యాలే అప్పా?"

"పడితే అప్పుడే కొట్టు. ముందు గోలెం ఎనక్కి సూడు."

చిన్నాన్న వంగి చూశాడు. కప్ప అక్కడే ఉంది. దాని కళ్ళ వెనక ఉబ్బుల మీద పాలలాంటి చిక్కటి జిగురు. చూసినవాళ్ళ చేతుల్లో కర్రలు దిగిపోయాయి. దూరం నుంచే నల్లోడి మెడకు తాడు వేసి గుంజకు కట్టారు. మింగకుండా తల కిందికి ఉండేలా పట్టించి, మూతి పక్కనుంచి చెంబులకొద్దీ నీళ్ళు పోయించింది అత్త. పొద్దంతా అది పశువుల శాలలో సోలిపోయి పడుకుంది. ఎండ వాలే వేళకి లేచి గంజి నాకింది. మా చిన్నాన్న గట్టిగా నవ్వి, వెంటనే మొహం అటు తిప్పుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

ఆ కప్పని చంపేద్దామన్నారు ఎవరో. అత్త ఒప్పుకోలేదు. "దానికి పళ్ళు లేవు, గోళ్ళు లేవు, పరిగెట్టలేదు. కొరికినోడి నోట్లో సేదుగా తగలడం తప్ప ఇంకేటి సెయ్యగలదు?" అంది. చిన్నాన్న దాన్ని పార మీద ఎత్తి తోటలో వదిలి వచ్చాడు.

కొన్నాళ్ళకి అత్తకి ఆడపిల్ల పుట్టింది. నల్లోడు ఆ పాప ఉయ్యాల కిందే పడుకునేది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఏ గోల రేగినా, అందరూ ఒక్కసారిగా అరుస్తున్నా, నా కళ్ళు ముందు అందరికంటే చిన్నవాళ్ళ కోసం వెతుకుతాయి. మోకాళ్ళు నొప్పెట్టినా వాళ్ళ పక్కన కూర్చుంటాను. నువ్వేం చూశావో చెప్పమని అడిగి, చెప్పేదాకా ఓపిగ్గా ఆగుతాను.