మన దేశానికి మొదటి ర్యాంకు

ఆ రోజుల్లో చార్టు పేపరు మీద స్కెచ్ పెన్నుతో రాసిందల్లా నిజమేనని నాకో గట్టి నమ్మకం. టెక్కలిలో బీఎడ్ చదువుతూ మన దేశం, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల చదువుల్ని పోలుస్తూ ఒక చార్టు తయారుచేశాను. నాలుగు గళ్లు, నాలుగు రంగులు. లైబ్రరీలో దొరికిన పుస్తకం సగానికి చిరిగి ఉండటంతో మిగతా సగం దేశభక్తితో పూరించి, మన దేశానికి మొదటి ర్యాంకు ఇచ్చేశాను (ఇచ్చేది నేనే కదా, అడ్డెవరు?). మర్నాడు పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చే మేడమ్ ముందు దాన్ని చూపించి మాట్లాడాలి. అందులో తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. నాన్న అప్పటికే చదివింది చాలంటున్నారు.

పలాసలో మా ఇంట్లోనే ఉండే మేనత్త జీడిపప్పుకు పొట్టు తీసేది. పొద్దున్నే లేచి చూస్తే నా చార్టు ఆమె ముందు బోర్లా పరిచి ఉంది, దాని మీద పప్పు కుప్ప. తెల్లగా ఉంటే ఖాళీ కాగితమనుకుందట. తిప్పి చూసేసరికి నూనె మరకలు. నేను ఏడుపు అందుకోగానే అత్త కంగారుపడి తడిగుడ్డతో తుడిచింది. దాంతో నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక కలిసి ఒకే దేశమైపోయాయి. మిగిలింది మన దేశం, దాని ర్యాంకు.

అత్త దాన్ని కూడబలుక్కుని చదివింది. "ఏటే అమ్మీ, మనదే ఫస్టా? మరి నన్ను అయిదులోనే ఎందుకు మానిపించీసినారే?"

అది సిలబస్‌లో లేదని విసుక్కుని బస్సెక్కాను.

మేడమ్ ఆ చార్టుని వెలుగుకు ఎత్తి చూసి, ఈ ర్యాంకు ఎలా తేల్చావని అడిగారు. చెప్పడానికి అత్త మాట తప్ప ఏమీ మిగల్లేదు.

"మా అత్తని అయిదులోనే మానిపించేశారు మేడమ్. అలా మానేసినవాళ్లు ఏ దేశంలో ఎంతమందో నేను చూడలేదు. చూడకుండానే ర్యాంకు ఇచ్చేశాను."

ఆవిడ చిన్నగా నవ్వి, ముందు చూడాల్సింది అదేనని, ర్యాంకు కొట్టేయమని చెప్పి మార్కులు వేశారు. బయటికి రాగానే ప్రాణం లేచొచ్చింది. మెట్ల మీదే కూలబడి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్త చేతిలో పని ఆపలేదు. "అయితే నా అయిదో కలాసు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందన్నమాట" అంది.

ఇప్పుడు సోంపేట దగ్గర బడిలో టీచర్ని. ఏ ఆడపిల్లయినా రెండు రోజులు కనపడకపోతే వాళ్లింటికి వెళ్లి తలుపు కొడతాను. ఆ నాలుగు దేశాల చదువుల్లో తేడా ఏమిటని అడిగితే మాత్రం ఇప్పటికీ తడబడతాను. చార్టు పారేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. పప్పు పోసుకోవడానికి అంత మంచి కాగితం మళ్లీ దొరకదట.